వేలికి తగలని అతుకు

రోజా టీచర్ చీర మడత విప్పి వెంటనే వెనక్కి తిప్పింది. ముందువైపు ఏ రంగో, కొంగు మీద ఏ పువ్వో చూడనే లేదు. అంచుకూ చీర ఒంటికీ మధ్య చూపుడువేలు పెట్టి, కొంగు దగ్గర మొదలుపెట్టి కిందిదాకా మెల్లగా జరిపింది. జరుపుతూ జరుపుతూ సగంలోనే ఆగిపోయింది.

"ఇగో, ఉన్నది. గరుకు గరుకుగ తగుల్తలేదా? నువ్వు సుత పట్టుకొని చూడు," అంది పక్కనున్న చెల్లెలితో.

చెల్లెలు కూడా వేలు పెట్టింది. పెళ్లి ఆ పిల్లదే. ఇద్దరూ నాగర్‌కర్నూల్ నుంచి పొద్దున బస్సెక్కి గద్వాలకు వచ్చారు, శ్రావణమాసం ముహూర్తానికి చీర కొనడానికి. దుకాణదారు దేవరాజు వాళ్ల ముందు పదకొండు చీరలు పరిచాడు. పదకొండింటినీ ఇలాగే వెనక్కి తిప్పారు, ఇలాగే వేలు పెట్టారు, ఇలాగే పక్కకు నెట్టారు.

దశరథం గోడవారగా చాప మీద కూర్చుని ఉన్నాడు. నేసిన చీర అప్పజెప్పడానికి వచ్చాడు. టీచర్ చేతిలో ఉన్నది అదే, ఇంకా మగ్గం వాసన పోలేదు. తన ఒంటి మీద ఎవరో వేలు పెట్టి పుండు వెతుకుతున్నట్టు అనిపించి, ఉండబట్టలేక అన్నాడు.

"అది అట్లనే ఉంటది టీచరమ్మా. ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండు దారాలు ఆడ కలుస్తయి. అది చేతిపని గురుతు."

"మాకు తెల్వదనుకోకుండ్రి," అంది ఆమె. మాట కటువుగా లేదు, కాస్త భయంగా ఉంది. "పాత చీరలకెళ్లి అంచులు కోసి కొత్తదానికి అతికిస్తుండ్రంట. పట్టుపెట్టె పూజ చూపెట్టింది."

ఆ ముక్క దశరథం అప్పటికే ఇరవైసార్లు విన్నాడు. హైదరాబాదులో ఉంటుంది ఆ పూజ అనే అమ్మాయి. ఫోన్లో 'పట్టుపెట్టె' పేరుతో చీరలు చూపిస్తూ ఏది కొనాలో, ఏది కొనకూడదో చెబుతుంది. ముచ్చటగా మాట్లాడుతుంది కూడా. నెల కిందట గద్వాల చీర ఒకటి తిరగేసి, "ఇదిగో ఈ గీత చూశారా అక్కా? ఇది అతుకు. అతుకుంటే మోసం. వేలు పెట్టి చూసుకోండి" అంది. ఒక్క నిమిషం మాట్లాడింది, అంతే. ఇరవై ఎనిమిదేళ్లు మగ్గం గుంటలో కూర్చుని నేర్చిన పని ఒక్క నిమిషంలో మోసమైపోతుందా అంటే, అయిపోయింది! రాష్ట్రంలో ఆడవాళ్లందరికీ ఆ చూపుడువేలు ఒక్కటే మిగిలింది.

"అతుకు లేనిది నేసిస్తరా?" అని అడిగింది టీచర్ దేవరాజును. "మా ఆడబిడ్డలు, పెద్దమ్మ బిడ్డలు, అందరు ఉన్న గ్రూపు ఒకటుంది. చీర ఫోటో పెడితే ముందుగాల వెనక చూపెట్టమంటరు. నలుగుట్ల మోసపోయిన్నని నవ్వులపాలు కాలేను."

"నేసిస్తం మేడం. రేపు గాక వచ్చే ఆదివారం రాండ్రి," అన్నాడు దేవరాజు, దశరథం వైపు చూడకుండా.

మరుసటి రోజు ఆదివారం. వనపర్తిలో డిగ్రీ చదివే కూతురు మానస ఇంటికొచ్చింది. తండ్రి అన్నం ముందర కూర్చుని కలుపుతున్నాడే తప్ప తినడం లేదు.

"నేయనని చెప్పు నాయినా," అంది.

"ఎట్ల నేస్తనే? అతుకు లేకుంటే అంచు ఎట్ల నిలబడ్తది? గాలిల నిలబడ్తదా?"

తల్లి జమ్ములమ్మ పక్కనే కూర్చుని ఉంది. ఆమె చేతిలో అడ్డదారం లాక్కుపోయే నాడె ఉంది, దానిలో పట్టుదారం చుట్టిన కండె మారుస్తోంది. మగ్గానికి దశరథం ఒక్కడూ చాలడు. అతను గుంటలో కూర్చుని నూలు నాడె విసిరితే, పక్కన పీట మీద కూర్చున్న ఆమె పట్టు నాడెతో ఎదురొచ్చి అంచు నేస్తుంది. ఇటు దారం, అటు దారం మధ్యలో ఒకదానికొకటి కొక్కెం వేసుకుని వెనక్కి మళ్లుతాయి. ప్రతి పోగుకూ అంతే. ఆ కొక్కేల వరుసే అతుకు. కోసి అంటించినది కాదు, మొగుడూ పెళ్లామూ కూర్చుని పోగు పోగుకూ కలిపినది.

"అయితే ఇదే చెప్పు," అని మానస ఫోన్ తీసింది. "నీ మొకం చూపెట్టను. చేతులు చూపెడ్త. నువ్వు నేసుకుంట చెప్పు."

దశరథానికి సిగ్గు. కానీ టీచర్ వేలు గుర్తొచ్చింది. గుంటలోకి దిగి నాడె విసిరాడు. జమ్ములమ్మ చెయ్యి ఎదురొచ్చింది. రెండు దారాలు కొక్కెం పడడం మానస దగ్గరగా తీసింది. దశరథం గొంతు మాట మాటకూ గట్టిపడింది.

"చూడుండ్రమ్మా. ఇదీ అతుకంటే. మిషనుకు ఇది రాదు. ఏలు పెట్టి చూడుండ్రి. అతుకు తగిలితే మా చెయ్యి తగిలినట్టు. అతుకు దొరకలేదా, అది గద్వాల చీరనే కాదు. ఎవ్వరు తెచ్చిచ్చినా తీసుకోకుండ్రి. వాళ్ల మొకం మీదనే ఇసిరికొట్టుండ్రి!"

"అబ్బ, ఏం చెప్పినవ్ నాయినా!" అని మానస అక్కడికక్కడే దాన్ని ఫోన్లో పెట్టింది. రాత్రి బస్సు ఎక్కేదాకా చూసుకుంటూనే ఉంది. అరవై ఒక్కమంది చూశారు. అందులో సగం చుట్టాలే.

సోమవారం పొద్దున్నే దేవరాజు ఇంటికి వచ్చాడు. చెప్పులు విడిచి లోపలికొచ్చి, మగ్గం మీద చెయ్యేసి నిలబడ్డాడు. నూలూ పట్టూ అతనివే, మగ్గానికి నిలువుగా కట్టిన పడుగు దారాలూ అతనివే.

"దశరథం, నేను పాపపు మాట చెప్పనీకి రాలే. నాలుగు మగ్గాలు బంద్ పెట్టిన. బాలరాజు మొన్నటికెళ్లి పత్తిచేన్ల క్రాసింగుకు పోతుండు. ఎరికేనా?"

ఎరికే. బాలరాజు పక్క వీధివాడు, దశరథం కంటే మంచి పనివాడు. ఇప్పుడు తెల్లవారకముందే ఆటోలో కూలీలతో కలిసి విత్తనపత్తి చేలకు పోతున్నాడు. మగపువ్వు తెంపి ఆడపువ్వుకు రాయడం. పట్టు పోగు లెక్కబెట్టిన వేళ్లతో రోజంతా పువ్వులు గిల్లి, పసుపుపచ్చ చేతులతో ఇంటికొస్తున్నాడు.

"టీచర్‌కు అతుకు దొరకని చీర నేసియ్యి. అది పోతే పదిమంది వస్తరు. లేకుంటే ఈ పడుగు కోసుకపోత. మిషను చీరలు తెచ్చి అమ్ముకుంట. నాకు మాత్రం ఏం సంబురమా?"

"ఎట్లయితది సావుకారీ?" అన్నాడు దశరథం. గొంతులో నిన్నటి గట్టిదనం లేదు.

దేవరాజు పోయాక అతను గుంటలో కాళ్లు వేలాడేసుకుని చాలాసేపు కూర్చున్నాడు. నిన్న చెప్పిన మాట నోట్లో ఇంకా చేదుగా ఉంది. జమ్ములమ్మ వచ్చి తన పీట మీద కూర్చుంది.

"నీ చెయ్యి జర నిదానం చేస్తవా?" అంది.

"ఎందుకు?"

"చెయ్యి, చెప్త."

అతను నాడె విసిరాడు. ఆమె కొక్కెం వేసింది. అతను పోగు బిగించే పలక లాగబోతుంటే ఆగమంది. కుడి బొటనవేలి గోరును నాలుక మీద తడి చేసుకుని, కొక్కెం పడిన చోట నొక్కి, పట్టుదారాన్ని వెంట్రుకవాసి వెనక్కి గుంజింది. కొక్కెం రెండు పడుగు పోగుల నడుమ దిగిపోయింది. "ఇప్పుడు కొట్టు. గట్టిగ గాదు, రెండుమాట్ల మెల్లగ."

జానెడు నేశాక తిరగేసి చూశాడు. వేలు పెట్టాడు. అంచు ఎక్కడ మొదలైందో కంటికి తెలుస్తోంది, వేలికి తెలియడం లేదు. తన వేలికే తెలియలేదు! భార్య వైపు చూశాడు.

"ఇది నీకు ఎప్పటికెళ్లి వచ్చు?"

"ఎప్పుడు అవుసరం పడలే, చెయ్యలే," అంది జమ్ములమ్మ.

ఆ వారం వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది తక్కువ. మామూలుగా నాలుగు రోజుల్లో దిగే చీర. ఇప్పుడు ప్రతి పోగుకూ ఆగాలి, గోరు తడపాలి, నొక్కాలి, గుంజాలి, రెండుసార్లు మెల్లగా కొట్టాలి. మగ్గం చప్పుడే మారిపోయింది. వీధిలో పోయేవాళ్లు గుమ్మంలోకి తొంగిచూసి, "ఏందన్నా, పానం మంచిగ లేదా?" అని అడిగి పోయారు.

బుధవారానికి జమ్ములమ్మ గోరు అరిగింది. గురువారం చీలింది. చీలిన గోటికి పట్టుదారం తట్టుకుని పోగు లేచింది. అరుగు రాయి మీద గోరు రాసుకుని నున్నగా చేసుకుని మళ్లీ కూర్చుంది. శుక్రవారం గోటి కింద ఎర్రగా కనిపిస్తే దశరథం నాడె పక్కన పెట్టేశాడు.

"ఇగ చాలు. చేన్లకే పోదాం పా."

"నెత్తురు గుడ్డకు అంటలే గద? నెయ్యి," అంది. ఆ రోజు నుంచి ఎడమ చేతి గోరుతో నొక్కింది. ఎడమ చెయ్యి అలవాటు లేక పని ఇంకా మెల్లబడింది. ఆమె ఏడవలేదు కానీ, దశరథానికి ఏడుపొచ్చింది. తల వంచుకుని పలక లాగాడు.

మధ్యమధ్యలో చీర తిరగేసి చూసినప్పుడు మాత్రం అతను తన బాధ మరిచిపోయేవాడు. నూలు నీళ్లలా వచ్చి పట్టులో కలిసిపోతోంది. వాళ్ల అయ్య నేయలేదు ఇట్లాంటిది. గద్వాలలో ఎవరూ నేసి ఉండరు. సిగ్గుపడాల్సిన చోట గర్వం వస్తోందేమిటని తనను తానే తిట్టుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం, ఇంకో మూరెడు ఉందనగా మానస ఫోన్ చేసింది. జమ్ములమ్మ ఎత్తి, అతనికి కూడా వినిపించేట్టు పెట్టింది.

"నాయినా! నీ వీడియో పూజ పెట్టిందే! తన తప్పు ఒప్పుకుంది. అతుకు ఉన్నదే అసలు గద్వాల అని చెప్పి, నీ మాటలన్నీ పెట్టింది. నాలుగు లక్షలమంది చూసిండ్రు నాయినా! మా హాస్టల్ల అందరు నీ లెక్కనే అంటుండ్రు, ఇసిరికొట్టుండ్రి, ఇసిరికొట్టుండ్రి అని. వింటున్నవా? నువ్వు గెలిచినవ్!"

మానస గొంతులో సంతోషం ఇల్లంతా నిండింది. మొగుడూ పెళ్లామూ ఇద్దరూ ఒక్కసారే మగ్గం మీది చీర వైపు చూశారు. జమ్ములమ్మ తన రెండు బొటనవేళ్లూ కొంగులో దాచుకుంది.

"మల్ల చేస్త బిడ్డా," అని ఫోన్ పెట్టేసింది. నాడె అందుకుంటూ అంది. "ఆ టీచరే అడిగింది గద, అతుకు వద్దని. మాటంటే మాటే. మనం ఒప్పుకున్నది చేసినం."

"అవును. ఆమెనే అడిగింది," అన్నాడు దశరథం. మిగిలిన మూరెడూ అదే పద్ధతిలో నేశారు. ఇంకెట్లా నేస్తారు?

ఆదివారం రోజా టీచర్ చెల్లెలిని తీసుకుని చెప్పిన వేళకే వచ్చింది. దేవరాజు చీర విప్పి పరిచాడు. ఈసారి ఆమె ముందువైపే చూసింది, చాలాసేపు చూసింది. "ఎంత మంచిగుంది!" అని చెల్లెలి భుజం మీద వేసింది. దశరథం చాప మీద నుంచి ఆమె చేతినే చూస్తున్నాడు. చెయ్యి చీరను తిప్పింది. చూపుడువేలు లేచింది.

కొంగు నుంచి చివరిదాకా జరిపింది. మళ్లీ జరిపింది. మూడోసారి కళ్లు మూసుకుని జరిపింది.

"అతుకు లేదు," అంది.

"మీరే వద్దన్నరు గద మేడం," అన్నాడు దేవరాజు.

"అన్న. తప్పు నాదే, కాదనను. కాని అప్పుడు నాకు తెల్వదు." ఆమె ఫోన్ తీసి చీరలు పరిచే మెట్ట మీద పెట్టింది. నాడె చప్పుడు, తరువాత ఒక గొంతు. అతుకు దొరకలేదా, అది గద్వాల చీరనే కాదు. ఎవ్వరు తెచ్చిచ్చినా తీసుకోకుండ్రి. "ఇగో, నేసేటాయననే చెప్తుండు. ఇంతకంటే ఎవరు చెప్పాలె?"

దుకాణంలో తన గొంతు తనకే ఎదురుగా మోగుతుంటే దశరథం ఇక కూర్చోలేకపోయాడు. లేచి మెట్ట దగ్గరికి వచ్చాడు.

"ఆ చెప్పింది నేనే టీచరమ్మా. ఈ చీర నేసింది సుత నేనే."

ఆమె అతని ముఖం చూసింది, ఫోన్లోని చేతులు చూసింది, మెట్ట మీద ఆనించిన చేతులు చూసింది. ఎడమ చూపుడువేలి మీది పాత గాటు మచ్చ రెండింటిలోనూ ఉంది.

"అయ్యో," అంది. తరువాత మెల్లగా, "మరి మీరే చెప్పుండ్రి అన్నా. తీసుకోవాల్నా, వద్దా?" అని అడిగింది.

దశరథం చీర దగ్గరికి లాక్కున్నాడు. చీర మొదలు దగ్గర, పడుగు పోగులు వేలాడుతున్న చోట, గోటితో రెండు వరుసలు విప్పాడు. తన చీరను తానే విప్పడం అదే మొదటిసారి. నూలు దారం పట్టుకుని లాగితే పట్టుదారం కూడా దాని వెంట వచ్చింది, రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. "ఇగో, అతుకు ఉన్నది. లోపలికి దించినం. నా ఇంటామె గోరుతోని ఒక్కొక్కటి నొక్కింది. మీరు అడిగిండ్రని."

రోజా టీచర్ ఆ రెండు దారాలనూ అరచేతిలో వేసుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె చెడ్డమనిషి కాదు.

"నేను నమ్మిన అన్నా. ఒట్టు, నమ్మిన. కాని రేపు పెళ్లిల రెండు వందలమంది ఏలు పెడ్తరు. ఒక్కొక్కల్లకు నేను దారం విప్పి చూపెట్టలేను గద."

దేవరాజు అప్పటికే వెనక అర నుంచి ఇంకో చీర తీశాడు. అదే రంగు, ఇంచుమించు అదే అంచు. టీచర్ తిరగేసింది. అంచు పొడుగునా దొడ్డుగా గరుకుగా ఒక వరుస ఉంది. వేలు పెట్టగానే ఆమె ముఖం తేటపడింది.

దశరథం ఒక్క చూపులో గుర్తుపట్టాడు. మిషను చీర. నేత మొత్తం ఒక్క దారమే ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది. దాని మీద, అంచు వెంట, దొడ్డు దారంతో కుట్టుమిషను మీద కుట్టు వేశారు. పూజ మాట మార్చి రెండు రోజులు కాలేదు, అప్పుడే అతుకు సరుకై వచ్చేసింది.

"ఇది అసలుదేనా అన్నా?" అని టీచర్ దేవరాజును కాదు, దశరథాన్ని అడిగింది. "మీరు ఒక్క మాట చెప్తే చాలు, తీసుకపోత."

దేవరాజు మెట్ట మీది కత్తెర తీసి ఇంకో పక్కన పెట్టాడు. అది పడుగు కోసే కత్తెరేమీ కాదు, మామూలుగా గుడ్డముక్కలు కోసేదే. దశరథానికి మాత్రం పసుపుపచ్చగా మారిన బాలరాజు చేతులు కనిపించాయి. రక్తం గట్టిన జమ్ములమ్మ గోరు కనిపించింది. ఇప్పుడు నోరు తెరిచి, ఇసిరికొట్టుండ్రి అనాలి. అదే మాట, అదే గొంతు. వారం కిందట ఎంత సులువుగా వచ్చింది!

"అతుకైతే ఉందమ్మా," అన్నాడు.

"చాలు అన్నా," అని ఆమె చేతులు జోడించింది. పోతూ పోతూ అతని చేతులు చీర మీద పెట్టించి ఒక ఫోటో తీసుకుంది, గ్రూపులో పెట్టడానికి.

దేవరాజు జమ్ములమ్మ నేసిన చీర మడిచి అర అడుగున తోశాడు. "పడుగు ఉండనీ. రేపటికెళ్లి అతుకు దొడ్డుగ నెయ్యి. ఫోన్ల కనపడాలె," అన్నాడు. మగ్గం పోకుండా నిలిచింది. దశరథం వారం రోజులు దేవుళ్లందరికీ మొక్కుకున్నది దాని కోసమే. ఎవరి కంటా పడకుండా వెనక సందులోంచి ఇంటికి నడిచాడు.

జమ్ములమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"తీసుకుందా?"

"లేదు."

"మగ్గం?"

"ఉంటది."

ఆమె అర్థం కాక చూసింది. అతను కాళ్లు కడుక్కుని, గడప మీద కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పాడు. టీచర్ కళ్లనీళ్ల దగ్గర ఆగలేదు. మిషను చీర సంగతి, తను అన్న మాట కూడా చెప్పాడు. ఎందుకు దాచలేదో అతనికే తెలియదు.

జమ్ములమ్మ అతని పక్కన గడప మీద కూర్చుంది. తరువాత, "నా గోరు ఎటుపోతే అటుపాయె. నువ్వు గా మాట ఎట్ల అన్నవయ్యా?" అంది. కోపంగా కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. అతను తల ఎత్తలేదు. ఆమె లేచి లోపలికి పోయి కండెలు చుట్టింది.

సోమవారం పొద్దున ఇద్దరూ కూర్చున్నారు. దశరథం గుంటలో, ఆమె పీట మీద. అతను నూలు నాడె విసిరాడు. ఆమె చెయ్యి పట్టు నాడెతో ఎదురొచ్చి మధ్యలో ఆగింది.

"ఎంత దొడ్డుగ?" అంది.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె ఎప్పుడూ అడగని ప్రశ్న. దశరథం తన ముందున్న పడుగు వైపు చూశాడు. చిన్నప్పుడు అయ్య చెయ్యి పట్టుకుని నేర్పిన కొలత ఒకటి ఉండేది. ఎంత వెతికినా అది చేతికి రాలేదు. వేళ్లు ఊరికే పలక మీద కదిలాయి.

"జర ఆగు," అన్నాడు. "మానసకు ఫోన్ చెయ్యి. ఇయ్యాల ఫోన్ల ఏమంటుండ్రో అడుగుదాం."

ఆమె నాడె ఒళ్లో పెట్టుకుని ఫోన్ అందుకుంది.